బల్లమీద వాటర్లూ, బల్లమీద చందుర్తి



ఇంగ్లండులో ఒక చిన్న ఊరి హాలు. పొడవాటి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. దాని మీద అట్టతో చేసిన ఇళ్లు, నాచు అంటించిన చెట్లు, చిటికెన వేలిలో సగం ఉండే లోహపు సిపాయిలు. తెలుగువాళ్లెవరైనా చూస్తే సంక్రాంతి బొమ్మల కొలువనుకుంటారు. కాకపోతే ఈ కొలువు చుట్టూ పేరంటాళ్లు లేరు. యాభై దాటిన మగవాళ్లు నలుగురు టేపులూ పాచికలూ పట్టుకుని నిలబడ్డారు. ఒకాయన పేక కట్టలోంచి ముక్క తీసి తిరగేశాడు. దాని మీద 'టిఫిన్' అని ఉంది. అవతలి పెద్దమనిషి ఉసూరుమన్నాడు.

ఆయన ఉసూరుమన్నది ఆకలితో కాదు. 'షార్ప్ ప్రాక్టీస్' అనే ఆటలో ఒక్కో నాయకుడికి ఒక్కో ముక్క ఉంటుంది. ముక్క పడిన నాయకుడే తన మనుషులకు ఆజ్ఞ ఇవ్వగలడు. టిఫిన్ ముక్క వచ్చిందంటే ఆ వంతు ముగిసినట్టే. అప్పటిదాకా పిలుపు రాని నాయకుడికి ఆజ్ఞ ఇచ్చే అవకాశం పోతుంది. టూఫ్యాట్‌లార్డీస్ అనే బ్రిటిష్ బృందం రాసిన నియమం ఇది. మన ఇడ్లీ పెసరట్టుల మాట అక్కడికి చేరడం వెనక ఇండియాలో కొలువు చేసిన ఆంగ్లేయుల నాలుక ఉంది. నెపోలియన్ కాలపు తుపాకుల పొగలో సార్జంటు కేక ఎవరికి వినిపిస్తుందో, ఎవరికి వినిపించదో తెలియని అయోమయాన్ని ఆ ఒక్క ముక్క పట్టి ఇస్తుంది.

యాభై అరవై బొమ్మలతో ఆడినంతసేపూ ఇది భేషుగ్గా సాగుతుంది. ఇదే పద్ధతిలో వాటర్లూ యుద్ధమంతా ఆడదామని ఎవరైనా కూర్చుంటే సాయంత్రమయ్యేసరికి మొదటి కాల్పులు కూడా పూర్తికావు. చరిత్రలో జరిగిన యుద్ధాలను బల్ల మీద ఆడే ఈ వార్‌గేమ్ సరదాలో కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. మార్కెట్లో నియమాల పుస్తకాలు వందల్లో ఉన్నాయి. ఏది కొనాలి? చాలామంది బొమ్మలు ముందు కొని, రంగులు వేసి, ఆ తర్వాత పుస్తకం కోసం వెతుకుతారు. పెళ్లికూతురి చెప్పుల కొలత చూసి ఇల్లు కట్టినట్టుంటుంది ఆ పని.

వాటర్లూనే తీసుకుందాం. 1815 జూన్ 18. వెల్లింగ్టన్ సైన్యం సుమారు 68,000. నెపోలియన్ది 72,000కు కాస్త అటూ ఇటూ. మధ్యాహ్నం దాటాక ప్రష్యన్లు ఒక్కో దళంగా వచ్చి వెల్లింగ్టన్‌తో కలిశారు. మైదానం వెడల్పు దాదాపు 5 కిలోమీటర్లు. వెల్లింగ్టన్ కుడివైపున హూగూమాంట్ అనే పెద్ద కమతపు ఇల్లు, చుట్టూ గోడలు, ఉత్తరాన ఒక గేటు. లెగ్రో అనే ఫ్రెంచి అధికారి గొడ్డలితో ఆ గేటు పగలగొట్టి ముప్ఫై నలభైమందితో లోపలికి దూసుకొచ్చాడు. కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్‌కు చెందిన లెఫ్టినెంట్ కల్నల్ మెక్‌డోనెల్ కొద్దిమందిని పోగేసుకుని భుజాలు ఆనించి గేటు మూసేశాడు. లోపల చిక్కుకున్న ఫ్రెంచివాళ్లలో డప్పు కొట్టే కుర్రాడొక్కడే ప్రాణాలతో మిగిలాడని చెప్పుకుంటారు.

ఇప్పుడు ఆటగాడు ఎవరవుతాడు? మెక్‌డోనెల్ అయితే ఆ గేటే అతని ప్రపంచం. బల్ల నిండా ఒక పెరడు, ఒక గోడ, ఒక గేటు. ఒక్కో బొమ్మ ఒక్కో మనిషి. గేటు మూయడానికి ఎందరు కావాలి, తుపాకీ మందు నింపుకోవడానికి ఎంతసేపు పడుతుంది, గొడ్డలివాణ్ని ఎవరు ఆపుతారు, ఇవే ప్రశ్నలు. అదే ఆటగాడు వెల్లింగ్టన్ అయితే హూగూమాంట్ బల్ల మీద అగ్గిపెట్టెంత ఇల్లు. అక్కడికి ఇంకో పటాలం పంపాలా వద్దా అన్నదొక్కటే అతను తేల్చుకోవాల్సింది. గేటు తెరుచుకుందో మూసుకుందో అతనికి కనబడదు, కనబడకూడదు కూడా. వెల్లింగ్టన్ కుర్చీలో కూర్చున్నవాడి చేత గేటు మూయించే నియమాలు ఆటను చెడగొడతాయి. మంచి నియమావళి ఏమేం పట్టించుకుంటుందన్నది ఎంత ముఖ్యమో, ఏది వదిలేస్తుందన్నదీ అంతే ముఖ్యం.

ఈ కుర్చీల లెక్క కొత్తది కాదు. సాండ్‌హర్స్ట్ సైనిక పాఠశాలలో చరిత్ర చెప్పిన ప్యాడీ గ్రిఫిత్ 1980లో నెపోలియన్ కాలపు వార్‌గేమ్‌ల మీద ఒక పుస్తకం రాశాడు. ఏ స్థాయికైనా సరిపోయే ఒక్క నియమావళి కోసం ఆయన వెంపర్లాడలేదు. చిన్న కొట్లాటకు ఒకటి, బ్రిగేడ్‌కు ఒకటి, డివిజన్‌కు ఒకటి, మొత్తం సైన్యానికి ఇంకొకటి అని విడివిడిగా రాశాడు. పైగా సేనాపతి బుర్రలో ఏం జరుగుతుందో ఆడి చూడ్డానికి మరో ఆట కూడా పెట్టాడు. నలభై ఏళ్లు దాటినా ఆ విభజనను మించిన సలహా ఇంకా రాలేదనే ఈ ప్రసంగకర్త నమ్మకం.

కాస్త లెక్కలు చూద్దాం. ఇష్టం లేనివాళ్లు ఈ రెండు నిమిషాలు కాఫీ తెచ్చుకోవచ్చు.

ఎక్కువగా అమ్ముడుపోయే బొమ్మల ఎత్తు 28 మిల్లీమీటర్లు. అంటే మనిషి సుమారు 60 రెట్లు చిన్నవాడయ్యాడు. మైదానాన్నీ అంతే కుదిస్తే వాటర్లూ 5 కిలోమీటర్లు 83 మీటర్ల బల్ల అవుతుంది. ఏ ఇంట్లోనూ పట్టదు. అందుకని బొమ్మకో కొలత, నేలకో కొలత పెట్టుకుంటారు. ఒక బొమ్మను 20 మందికి గుర్తుగా పెట్టుకున్నా వెల్లింగ్టన్ ఒక్కడికే 3,400 బొమ్మలు కావాలి. బొమ్మకు అరగంట చొప్పున రంగు వేస్తే 1,700 గంటలు. రోజుకు గంట కేటాయించే ఉద్యోగస్తుడికి నాలుగున్నరేళ్లకు పైనే. అప్పటికి నెపోలియన్ వైపు ఒక్క గుర్రానికి కూడా రంగు పడి ఉండదు.

అయినా అంత పనీ చేసినవాళ్లున్నారు. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఔత్సాహికులు 20,000కు పైగా బొమ్మలతో వాటర్లూను మళ్లీ ఆడారు. మాజీ సైనికులతో వాటర్లూ మైదానంలో తవ్వకాలు జరిపే ఒక స్వచ్ఛంద సంస్థకు విరాళాల కోసం చేసిన పని అది. అది జాతర. ప్రతి ఆదివారం జాతర చేయలేం.

కాలానికీ ఇలాంటి లెక్కే ఉంది. 1824లో ప్రష్యాలో రైస్‌విట్స్ అనే యువ అధికారి తన తండ్రి మొదలుపెట్టిన ఆటను మెరుగుపరిచి క్రీగ్‌ష్పీల్ నియమాలు అచ్చువేయించాడు. 1:8000 కొలతతో గీసిన పటం, దళాలకు గుర్తుగా చిన్న చిన్న దిమ్మలు, పాచికలు, పైన ఒక మధ్యవర్తి. ఒక్కో వంతు రెండు నిమిషాల యుద్ధానికి సమానం. వాటర్లూ రమారమి 9 గంటలు సాగింది. ఒక్క వంతూ వదలకుండా ఆడితే 270 వంతులు. వంతుకు ఐదు నిమిషాలు పట్టినా 22 గంటలు దాటుతుంది. నెపోలియనే తొందరగా ముగించాడు! రైస్‌విట్స్ ఆట నడిచిందంటే దానికి కారణం మధ్యవర్తి. ఏమీ జరగని అరగంటను అతను ఒక్క మాటతో దాటించేసేవాడు. మధ్యవర్తి దొరకని ఇళ్లలో ఆ పని నియమాలే చేయాలి.

పెద్ద యుద్ధం కోసం రాసిన నియమాలు ఆ పని ఎలా చేస్తాయో 1994లో వచ్చిన 'వాలీ అండ్ బేయొనెట్' చూపిస్తుంది. ఫ్రాంక్ చాడ్విక్, గ్రెగ్ నొవాక్ రాసిన ఈ ఆటలో వంతు అంటే గంట. అంగుళం అంటే 100 గజాలు. 3 అంగుళాల చదరపు దిమ్మ ఒక బ్రిగేడ్. ఈ లెక్కన వాటర్లూ మైదానం వెడల్పు 55 అంగుళాలు, నాలుగున్నర అడుగులు. మామూలు డైనింగు టేబులు! వంతులు తొమ్మిదో పదో. భోజనాలయ్యాక మొదలుపెట్టి పిల్లలు పడుకునేలోపు ముగించవచ్చు. దీని కోసం వదిలేసిందేమిటో చూడండి. పటాలం వరసలో నిలబడిందా, చతురస్రం కట్టిందా అని ఎవరూ అడగరు. ఆ సంగతి బ్రిగేడ్ నాయకుడు చూసుకుంటాడు. నెపోలియన్ నమ్ముకున్నదీ అదే కదా.

సామ్ ముస్తఫా 2015లో తెచ్చిన 'బ్లూషర్' ఇంకో అడుగు వేసింది. అందులోనూ ముక్క అంటే బ్రిగేడే. కదలాల్సినవాడు పాచికలు వేయడు, అవతలివాడు వేస్తాడు. ఎంత పడిందో చెప్పకుండా కప్పేసి ఉంచుతాడు. ఆటగాడు ఒక్కో బ్రిగేడ్‌ను కదుపుతున్నప్పుడల్లా ఆ దాచిన మొత్తంలోంచి కొంత ఖర్చవుతుంది. ఎక్కడో ఒకచోట అవతలివాడు "ఇక చాలు" అంటాడు. అప్పటికి ముఖ్యమైన దళం కదలకపోయుంటే అంతే సంగతులు. సైన్యం ఎంత నడుస్తుందో సేనాపతికి ముందే తెలియదన్న సంగతిని ఇంత తేలిగ్గా పట్టిచ్చిన నియమం అరుదు. నడక దూరాల పట్టికలు పది పేజీలు నింపినా ఆ గుబులు పుట్టదు.

పెద్ద యుద్ధాల్లో ఇంకో చిక్కుంది. అంకెలే సరిగా తెలియనప్పుడు ఏం చేయాలి?

1565 జనవరిలో కృష్ణా తీర ప్రాంతంలో జరిగిన రాక్షసి తంగడి యుద్ధాన్నే చూడండి. తళ్లికోట అన్నా అదే. అళియ రామరాయల సైన్యం ఎంతో, సుల్తానుల సైన్యం ఎంతో ఒక్కో గ్రంథం ఒక్కో లెక్క చెబుతుంది. 500 మందికి ఒక పాయింటు అనే నియమావళి పట్టుకుంటే, ఏ గ్రంథం నమ్మామన్న దాన్నిబట్టి బల్ల మీద గెలుపు ముందే తేలిపోతుంది. ఇలాంటి చోట తల లెక్కలు వదిలేసిన నియమాలే నయం. ఫిల్ బార్కర్ బృందం 1990లో తెచ్చిన 'డీబీఏ' అలాంటిది. చరిత్రలో 3,000 మంది ఉన్నా, 30,000 మంది ఉన్నా బల్ల మీద ఒక్కో పక్క 12 ముక్కలే. రెండడుగుల చదరపు పలక చాలు. వంతుకో పాచిక. ఎంత పడితే అన్ని ముక్కలనో గుంపులనో కదపవచ్చు. పోరులో ఇద్దరూ పాచికలు వేసి తమ బలం కలుపుకుంటారు. కొద్ది తేడాతో ఓడితే సాధారణంగా వెనక్కి తగ్గడం, సగానికి పడిపోతే చావు. గంటలో ఆట ముగుస్తుంది.

అదే ఆటకు పెద్ద యుద్ధాల రూపం కూడా ఉంది. అందులో పక్కకు 36 ముక్కలు, ముగ్గురు సేనానులు. తంగడి మైదానానికి ఆ ముగ్గురు అచ్చుగుద్దినట్టు సరిపోతారు. మధ్యలో రామరాయలు, ఇరువైపులా తమ్ముళ్లు తిరుమల, వెంకటాద్రి. అవతల మధ్యలో అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా, రెక్కల మీద బిజాపూర్, గోల్కొండ సుల్తానులు. ఒక సేనాని పాచిక మీద ఆరు పడి, ఇంకొకడికి ఒకటే పడితే, కుడి రెక్క ముందుకు దూసుకుపోతుండగా ఎడమ రెక్క నిలబడిపోతుంది. తీరా చూస్తే డీబీఏ కాలపరిమితి 1500 దాటి పెద్దగా ముందుకు రాదు. తంగడి కొద్ది దశాబ్దాల తేడాతో బయట పడిపోతుంది! ఆ తర్వాతి కాలానికి దాని తోబుట్టువు 'డీబీఆర్' ఉంది. ఫిరంగులూ తుపాకులూ నేర్చుకున్న తోబుట్టువు.

ఆ ఫిరంగుల సంగతీ ఒకటుంది. నిజాం షా ఫిరంగులను నడిపించిన రూమీ ఖాన్ వాటిలో రాగి నాణేల సంచులు దట్టించి దగ్గరి నుంచి పేల్చాడని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. ఇలాంటి ముచ్చట కనబడగానే ఆటగాళ్లు దానికో ప్రత్యేక నియమం రాయాలని ఉబలాటపడతారు. వద్దు. మొత్తం సైన్యాన్ని నడిపే ఆటలో అది ఫిరంగులకు ఒక అంకె కలపడంతో తీరిపోయే పని. నాణేల సంచి బరువెంత అని లెక్కకట్టేవాడు రూమీ ఖాన్ కింద మందు నింపే గోలందాజు కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడన్నమాట.

అటు మెక్‌డోనెల్‌కూ ఇటు వెల్లింగ్టన్‌కూ మధ్య ఉండే యుద్ధాలే ఆడటానికి అన్నిటికన్నా రుచికరమైనవి. పదీ పదిహేను పటాలాలు, ఒక్క నాయకుడి కంటికి ఇంచుమించు ఆనే మైదానం. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలో జరిగిన అస్సాయీ యుద్ధం ఈ కొలతకు సరైన ఉదాహరణ. తర్వాతి రోజుల్లో వెల్లింగ్టన్ అని పేరు పొందిన ఆర్థర్ వెల్లెస్లీకి అప్పుడు 34 ఏళ్లు. చేతిలో సుమారు 4,500 మంది. రెండు స్కాట్లండు పటాలాలు, ఐదు మద్రాసు సిపాయి పటాలాలు, నాలుగు గుర్రపు దళాలు. ఎదురుగా మరాఠా నాయకులు సింధియా, భోంస్లేల సైన్యం. అందులో పోల్‌మన్ అనే జర్మన్ తదితరులు తర్ఫీదు ఇచ్చిన పదివేలకు పైగా సిపాయిలు, నూరు దాకా ఫిరంగులు, ఇంకా లెక్కకు మించిన రౌతులు. నదికి అటూ ఇటూ రెండు ఊళ్లు ఎదురెదురుగా ఉన్నాయంటే మధ్యలో రేవు ఉండకపోదని వెల్లెస్లీ ఊహించాడు. రేవు ఉంది. దాటాడు.

అక్కడి నుంచి వ్యవహారం చెడింది. కుడి చివర కాపలా దళాలను నడుపుతున్న కల్నల్ ఓరాక్ అస్సాయీ ఊరికి దూరంగా ఉండాల్సింది పోయి తిన్నగా దాని మీదికే నడిచాడు. ఊళ్లో ఫిరంగులు కాచుకుని ఉన్నాయి. వెనకే 74వ హైలాండర్ల పటాలం అతన్ని అనుసరించింది. ఆ ఒక్క పటాలంలోనే చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ కలిపి దాదాపు 400 మంది. గుర్రపు దళం దూకి కాపాడకపోతే ఒక్కడూ మిగిలేవాడు కాదు.

ఆజ్ఞ ఇస్తే చాలు ఎవరైనా చెప్పిన చోటికి నడిచే నియమాలతో ఈ యుద్ధం ఆడితే ఓరాక్ ఎప్పటికీ దారి తప్పడు. చదరంగంలో గుర్రం ఎప్పుడూ ఆటగాడు అనుకున్న గడిలోకే దూకుతుంది. అందుకే ఇక్కడ 2009లో రిక్ ప్రీస్ట్‌లీ, జెర్విస్ జాన్సన్ రాసిన 'బ్లాక్ పౌడర్' లాంటిది కావాలి. అందులో ఆటగాడు తన ఆజ్ఞను ముందు బయటికి చెప్పాలి. "ఈ పటాలం ఆ గట్టు దాకా వెళ్లి ఆ ఊరికి ఎడమగా నిలబడాలి" అని పదిమంది వినేలా అన్నాక రెండు పాచికలు వేయాలి. నాయకుడి స్థాయి 8 అయితే 8 గానీ అంతకు తక్కువ గానీ పడాలి. 36లో 26 సార్లు పడుతుంది. ఎంత తక్కువ పడితే అంత చురుగ్గా, మూడు నడకల దాకా కదులుతారు. ఎక్కువ పడితే ఉన్నచోటే ఉంటారు. రెండు ఆర్లు పడ్డాయా, ఘోరమైన పొరపాటు. ఆజ్ఞ ఒకటి, జరిగేది ఇంకొకటి. ఓరాక్ ఆ రోజు రెండు ఆర్లు వేశాడు.

అస్సాయీ ఇంకో పాఠం కూడా చెబుతుంది. సింధియా వైపు 30,000కు తక్కువ కాని రౌతులు ఆ రోజు యుద్ధంలో పెద్దగా తలదూర్చలేదు. బొమ్మకు 20 మంది లెక్కన వాళ్లను పెట్టాలంటే 1,500 గుర్రాలు కొనాలి. కొని, రంగులేసి, బల్ల చివర నిలబెట్టి, ఆట ముగిశాక మళ్లీ డబ్బాలో సర్దాలి. దానికన్నా బల్ల అంచున ఒక అట్టముక్క పెట్టి, "ఇటువైపు వెల్లెస్లీ దళాలు రాకూడదు" అంటే సరిపోతుంది.

పుస్తకం కొనేముందు అందులోని సైన్యాల పట్టికలను కూడా చదవాలి. నియమాలు రాసేవాడి అభిప్రాయాలు అంకెల్లో దాక్కుంటాయి. యూరపు పటాలానికి నిబ్బరం నాలుగని, సిపాయి పటాలానికి మూడని, రాజాగారి సైన్యానికి రెండని ఎవరో ఒక సాయంత్రం రాసేస్తారు. అది చరిత్ర తీర్పులా కనిపిస్తుంది. బెంగాల్లో కంపెనీ సిపాయిలకు 'తిలంగా' అన్న పేరు ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లు ఆ అంకెల్ని ఊరికే ఒప్పుకోరు. 1756లో క్లైవ్ వెంట తూర్పు తీరం నుంచి వెళ్లిన సిపాయిలను చూసి, తెలుగు నేల పేరునే అక్కడివాళ్లు సిపాయి అనే అర్థంలో వాడుకున్నారు. అస్సాయీలో ఫిరంగుల వరసల మీదికి నడిచినవాటిలో మద్రాసు పటాలాలూ ఉన్నాయి. పట్టికలోని అంకె దిద్దడానికి పెన్సిలు చాలు. ఏ పుస్తకమూ వద్దనదు.

ఇక చిన్న కొట్లాటలు. వీటి నియమాలు తేలికని అనుకుంటారు గానీ, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. బొమ్మలు ఇరవై ఉంటే చాలు కాబట్టి ప్రతి బొమ్మకూ పేరు, బరువు, చూపు, గురి, గాయాల పట్టిక పెట్టేస్తారు. ఒక్క తుపాకీ పేలడానికి నాలుగు పట్టికలు చూడాల్సి వస్తుంది. 2014లో డాన్ మెర్సీ రాసిన 'లయన్ రాంపంట్' ఈ చాదస్తాన్ని పక్కకు నెట్టింది. మధ్యయుగపు యూరపులో చిన్న జమీందారుల దోపిడీలూ కొట్లాటలూ దాని విషయం. ఆరుగురు లేదా పన్నెండుమంది ఒక దళం. ఏదైనా చేయించాలంటే పాచికలు వేయాలి. తప్పితే ఆ దళం ఒక్కటే ఆగడం కాదు, మొత్తం వంతే అవతలివాడికి వెళ్లిపోతుంది. మూర్ఖపు సామంతులతో వేగడం ఎలా ఉంటుందో ఆ ఒక్క నియమంతో అర్థమవుతుంది.

బొబ్బిలి కథ తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక ఆలోచన రావాలి. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పడిన రోజును ఒక ఆటగా ఆడవచ్చు. గోడలు, నిచ్చెనలు, ఫిరంగి గుళ్ల లెక్క. అది ముట్టడి, దానికి వేరే నియమాలు. ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు కొద్దిమందితో రాత్రివేళ విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో జొరబడటం మరో ఆట. దానికి ఫిరంగుల పట్టిక అక్కర్లేదు, నిబ్బరం పట్టిక అసలే అక్కర్లేదు. చచ్చేందుకే వెళ్లినవాడి నిబ్బరానికి పాచికలు వేయడం అవమానం. కావాల్సింది చీకటి, కాపలావాడి చూపు, అడుగుల చప్పుడు. పన్నెండు బొమ్మలు, ముప్పావుగంట. గెలుపోటముల షరతు కూడా ఇద్దరికీ ఒకటి కాదు. పులిజూదంలో మూడు పులులకూ పదిహేను మేకలకూ వేర్వేరు లక్ష్యాలున్నట్టే. పులిజూదం ఆడి పెరిగినవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. సమానమైన సైన్యాలు, సమానమైన పాయింట్లు అనే లెక్కకు అలవాటుపడిన క్లబ్బుల వాళ్లకే కాస్త సమయం పడుతుంది.

పెద్ద యుద్ధాన్ని చిన్న ఆటలో ఇరికించే అడ్డదారి ఒకటి ఉంది. ఇంగ్లీషు ఆటగాళ్లు దాన్ని 'బాత్‌టబ్బింగ్' అంటారు, సముద్రాన్ని స్నానాల తొట్టిలో పట్టడమన్నమాట. ఒక డివిజన్ను ఒక బ్రిగేడ్‌గా, బ్రిగేడ్‌ను పటాలంగా అనుకుని, పటాలాల నియమాలతోనే ఆడేస్తారు. ఇష్టమైన నియమాలు మార్చక్కర్లేదు, రంగులేసిన బొమ్మలు చాలు. సరదాగా ఉంటుంది, తప్పేం లేదు. కానీ తుపాకీ గుండు కిలోమీటరు వెళ్లినట్టు, పదివేలమంది ఒక్క కేకకు పక్కకు తిరిగినట్టు అవుతుంది. నీల్ థామస్ 2014లో 'వన్ అవర్ వార్‌గేమ్స్' పుస్తకంలో ఇదే పనిని దాపరికం లేకుండా చేశాడు. మూడడుగుల చదరపు బల్ల, పక్కకు ఆరు దళాలు, గంటలో ముగింపు. ఏ యుద్ధమైనా సరే ఆ ఆరింటిలోనే సర్దుకోవాలి. వివరాలు పోతాయని ఆయనకూ తెలుసు. వారంలో ఒక్క గంట దొరికేవాళ్లు ఆయనకు రుణపడి ఉంటారు.

ఇవన్నీ విని తెలుగునేల మీద ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే, లోహపు బొమ్మలు దిగుమతి చేసుకునే దాకా ఆగక్కర్లేదు. చిత్రకారుడు పీటర్ డెన్నిస్ గీసిన కాగితపు సైన్యాల పుస్తకాలు ఉన్నాయి. కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి నిలబెట్టడమే. అవీ వద్దంటే సీసా మూతలున్నాయి. మొదటి ఆటకు ఒక యుద్ధం చెప్పమంటే, పిఠాపురం దగ్గరి చందుర్తి.

1758 డిసెంబరు. ఇంగ్లీషు కంపెనీ తరఫున కల్నల్ ఫోర్డ్ వెంట సుమారు 470 మంది యూరపు సిపాయిలు, 1,900 మంది దేశీ సిపాయిలు, ఆరు ఫిరంగులు. విజయనగరం ఆనందగజపతి రాజు మనుషులు వేరే. ఎదురుగా కాన్‌ఫ్లాన్స్ నడిపే ఫ్రెంచివాళ్లు. 500 మంది యూరపు సిపాయిలు, 6,000 మంది దేశీ సిపాయిలు, ముప్ఫై దాటిన ఫిరంగులు. ఫోర్డ్ మధ్యలో పెట్టిన ఇంగ్లీషు పటాలం ఏపుగా ఎదిగిన చేను వెనక కనబడకుండా పోయింది. దేశీ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. దేశీ సిపాయిలను అలా చూసి ఎరగని ఫ్రెంచివాళ్లు, ఎర్రకోటు కనబడితే ఇంగ్లీషువాళ్లేనని ఆ సిపాయిల మీదికి తమ గట్టి పటాలాన్ని పంపారు. సిపాయిలు చెదిరారు. గెలిచామనుకుని తరుముతున్న ఫ్రెంచివాళ్ల వరస చెదిరిన సమయంలో అసలు ఇంగ్లీషు పటాలం చేలోంచి బయటికొచ్చి కాల్చింది.

సైన్యాలు చిన్నవే. పక్కకు ఐదారు దళాలు, బ్లాక్ పౌడర్‌కు సరిగ్గా సరిపోతుంది. రాజుగారి మనుషుల నాయకుడికి స్థాయి 6 ఇస్తే 36లో 15 సార్లే మాట వింటారు, వాళ్లు ఆ రోజు ఉన్న తీరుకు అది న్యాయమే. చిక్కల్లా చేనుతోనే. బల్ల మీద ఏముందో ఇద్దరికీ కనబడుతుంటే కాన్‌ఫ్లాన్స్ ఎలా మోసపోతాడు? షార్ప్ ప్రాక్టీస్ రాసినవాళ్లే వాడే ఉపాయం ఒకటి ఇక్కడ అరువు తెచ్చుకోవాలి. బొమ్మల బదులు ముందు అట్టముక్కలు పెడతారు. ఏ అట్ట కింద ఏ దళం ఉందో, ఏది ఉత్త అట్టో దగ్గరికి వెళ్లేదాకా అవతలివాడికి తెలియదు. మూడో మనిషి దొరికితే ఇంకా మేలు. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే ప్రష్యన్ అధికారి పట్టికలను పక్కనపెట్టి మధ్యవర్తి తీర్పుకే ఆటను అప్పగించాలన్నాడు. ఆ మూడో మనిషి కాన్‌ఫ్లాన్స్ చెవిలో "దూరంగా ఎర్రకోట్లు కనిపిస్తున్నాయి" అని మాత్రమే చెబుతాడు. అబద్ధం ఏమీ లేదు కదా.

ఇక చేను. లోకమంతటా వార్‌గేమర్లు పంటచేలకు వాడేది కొబ్బరిపీచు డోర్‌మ్యాట్. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునేదే. కత్తితో జానెడు ముక్క కోసి, అంచుల పీచు కొంచెం కత్తెరతో ఎగుడుదిగుడుగా కత్తిరించి, పైన గోధుమరంగు పూస్తే ముదిరిన చేనవుతుంది. అంగుళానికి కాస్త పైన ఎత్తున్న పీచు దొరికితే 28 మిల్లీమీటర్ల సిపాయి టోపీ కూడా కనబడదు. కోనసీమ పీచుతో నేసిన మ్యాట్ అయితే చందుర్తికి అది ఇంకో ఊరి చేను కూడా కాదు. దాని వెనక 24 బొమ్మలు రెండు వరసల్లో పడతాయి. అవతలివాడు బల్లకు ఆ చివర కుర్చీలో కూర్చుని ఉండాలి, లేచి నిలబడితే కనిపించేస్తాయి.